పదో సీసా

దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అని ఒక సామెత ఉంది కదా, దాన్ని ముత్తుకూరు అవతలి ఆ పేట జనం బెన్హర్ కోసమే దాచిపెట్టుకున్నట్టు ఆ నెలంతా తెగ వాడేశారు. పేటలో చర్చివాళ్ళు నడిపే చిన్న ఆసుపత్రి ఉంది. ఆరు మంచాలు, ఒక పెద్ద నర్సు, వారానికి రెండు రోజులు నెల్లూరు నుంచి వచ్చిపోయే డాక్టరమ్మ. అక్కడ స్పిరిట్ క్యాన్లుండే గది తాళంచెవిని పాస్టరు ఆనందబాబు గారు తీసుకొచ్చి, అక్కడే పని చేస్తున్న బెన్హర్ చేతిలో పెట్టారు. పదిహేనేళ్ళు తాగిన మనిషి చేతిలో! కృష్ణపట్నం పోర్టు పనుల్లో పగలంతా కాంక్రీటు కలిపి, పొద్దు వాలేసరికి ఏ గోడవారనో పడి, పెళ్ళాం వచ్చి లేపుకుపోతే తప్ప ఇల్లు చేరని మనిషి చేతిలో.

"నాకెందుకు అయ్యగారూ ఈ తాళం? ఇంకెవరికన్నా ఇయ్యండి," అన్నాడు బెన్హర్.

"నువ్వు మానేసి రెండేళ్ళు కావస్తుండాది. నిన్ను నేను నమ్మినానని అందరికీ తెలవాల గదా. ఉంచుకో," అన్నారాయన.

పాస్టరుగారు మంచివారే, కాదనను. కాకపోతే మంచివాళ్ళకు ఒక జబ్బుంటుంది, ఎదుటివాడి మంచితనాన్ని పదిమందిలో నిలబెట్టి చూపించాలని.

ఆ రెండేళ్ళ గడువు బెన్హర్ భార్య ఫ్లోరా పెట్టింది. పిల్లల్లేరు వాళ్ళకు. ఆమె ఓపిక పట్టి పట్టి, మూడేళ్ళ కిందట ఒక పొద్దున ఇనప్పెట్టె సర్దుకుని చిల్లకూరులో ఉన్న అక్క రెబెక్కమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. పోతూ ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఒక్క మాట అంది. "రెండేళ్ళు చుక్క ముట్టకుండా ఉండు. అప్పుడు నువ్వు బల్లలో చెయ్యి పెట్టేది నేనొచ్చి నా కళ్ళతో చూస్తా."

నెలకొక ఆదివారం చర్చిలో అందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటారు. దాన్నే బల్ల అంటారు. తాగేవాడికి అందులో చోటు లేదు. తాగనివాడైనా సరే, చెయ్యి చాపేముందు తన లోపల తాను వెతుక్కోవాలి. తప్పు కడుపులో దాచుకుని ఆ రొట్టె తింటే శిక్షను తిన్నట్టేనని ఆ సంఘంలో అందరికీ గట్టి నమ్మకం. బెన్హర్‌కు మరీను.

ఫ్లోరా పోయిన మొదటి ఏడాది అతను ఇంకా ఎక్కువ తాగాడు. తర్వాత మానేశాడు. మానేశాకే తెలిసింది, ఒంటిగది ఇల్లు కూడా ఎంత పెద్దగా ఉంటుందో. కంచాలు రెండు ఉండేవి. తనది తిని కడిగేవాడు, ఫ్లోరాది తినకుండానే కడిగేవాడు. థర్మల్ ప్లాంటు బూడిద సన్నగా వచ్చి అన్నిటి మీదా వాలుతుంది మరి, కడగకపోతే ఎట్లా? పొద్దున్నే లేవగానే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఊది, వాసన చూసుకునేవాడు. వాసన లేదని తెలిసినా ఇంకోసారి ఊదేవాడు. పోయిన రోజుల్లో ఆ పని ఫ్లోరా చేసేది. దగ్గరికొచ్చి ముక్కు పెట్టి చూసి, మాట్లాడకుండా పొయ్యి దగ్గరికి పోయేది. వాసన చూసేందుకైనా ఒక మనిషి ఉండడం ఎంత భాగ్యమో అతనికి అప్పుడు తెలియలేదు.

జూన్ మొదటి ఆదివారం బల్లలో చేర్చుకుంటానని పాస్టరుగారు చెప్పారు. ఫ్లోరాకు కబురు వెళ్ళింది. వస్తానంది. బెన్హర్ గోడలకు సున్నం కొట్టాడు, కొత్త దిండు కొన్నాడు, ఫ్లోరా కంచాన్ని చింతపండు పెట్టి తోమాడు. ఇంకా నాలుగు వారాలుంది.

సరిగ్గా అప్పుడే వచ్చిపడింది స్పిరిట్ గోల. అంతకుముందు గాయాలు తుడిచే స్పిరిట్‌ను సీసాల్లో తయారుగా కొనేవాళ్ళు. ఆ వేసవిలో డాక్టరమ్మ ఘాటు స్పిరిట్ క్యాన్లు తెప్పించి, నీళ్ళు కలిపి వాడమంది. చీటీ రాసి గోడకు అంటించింది. ఏడు లీటర్ల స్పిరిట్, మూడు లీటర్ల డిస్టిల్డ్ వాటర్. వారానికొకసారి కలపాలి, తెల్లారి లీటరు సీసాల్లో మెడ మీద గీత దాకా నింపాలి.

మొదటి సోమవారం సాయంత్రం బెన్హర్ లీటరు డబ్బాతో ఒక్కొక్కటే కొలిచి పెద్ద క్యానులో పోశాడు. ముక్కుకు తువాలు కట్టుకున్నాడు. ఆ వాసన లోపలికి పోతే ఏం గుర్తొస్తుందోనని భయం. మూత బిగించి క్యాను ఎత్తితే అడుగున వెచ్చగా తగిలింది. ఎండాకాలం కదా అనుకున్నాడు. తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని ఇంటికి పోయాడు.

తెల్లారి పెద్ద నర్సు మగ్దలీనమ్మ గారు పక్కన నిలబడి ఉండగా సీసాలు నింపాడు. తొమ్మిది నిండాయి. పదోది ముప్పావు దగ్గర ఆగింది. క్యాను ఒంచి, ఇంకా ఒంచి, తలకిందులు చేశాడు. నాలుగు చుక్కలు రాలాయి.

మగ్దలీనమ్మ గారు సీసా వైపు చూసింది. తర్వాత అతని వైపు చూసింది. "ఏడూ మూడూ ఎంత బెన్హరూ?"

"పది సిస్టరమ్మా."

"ఊఁ," అని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

డబ్బాలో తప్పు కొలిచి ఉంటానని అతను సర్దిచెప్పుకున్నాడు. రెండో వారం కిటికీ మూసి, ఒక్కో డబ్బాకు గోడ మీద బొగ్గుతో గీత గీసుకుంటూ పోశాడు. ఏడు గీతలు, మూడు గీతలు. క్యానుకు చిల్లి ఉందేమోనని కింద కాగితం పరిచాడు. పొద్దున కాగితం పొడిగానే ఉంది. పదో సీసా మాత్రం ముప్పావే.

ఈసారి మగ్దలీనమ్మ గారు తలుపు దగ్గరగా వేసింది. "ఊదు," అంది.

యాభై రెండేళ్ళ మగవాడు ఆమె ముఖం మీదికి ఊదాడు. ఆమెకు వాసన తగల్లేదు. కానీ ఆ గదిలో ఎవరు ఊదినా స్పిరిట్ వాసనే కదా, ఏమని తేల్చుకుంటుంది? "పావు లీటరంటే క్వార్టరు సీసాకు పైమాటే," అంది మెల్లగా. "నేనెవరితోనూ చెప్పను. నువ్వే ప్రార్థన చేసుకో."

ఎవరితోనూ చెప్పలేదు పాపం, ఒక్క చెల్లెలికి తప్ప. చెల్లెలు కూడా ఎవరికీ చెప్పలేదు, స్త్రీల కూడికలో నలుగురికి తప్ప. రెండు రోజుల్లో టీ కొట్టు దగ్గర బెన్హర్ కనిపిస్తే మాటలు ఆగిపోయేవి. "ఏమన్నా, ఆసుపత్రిలో పని ఎట్టుండాది? చల్లగుండాదా?" అని ఒకడు అడిగాడు. మిగతావాళ్ళు గ్లాసుల్లోకి చూసుకుంటూ నవ్వారు.

జనం నవ్వితే బెన్హర్ తట్టుకోగలడు, అది అలవాటే. అతన్ని తినేసిన మాట వేరే ఉంది. తాళంచెవి నా ఒక్కడి దగ్గరే ఉంది. చిల్లి లేదు, దొంగ లేడు. మరి ఎవరు తాగినట్టు?

ఒకప్పుడు అతను తాగి చేసినవి తెల్లారితే గుర్తుండేవి కావు. ఒకసారి చేతికి కట్టుతో లేచాడు. "రాత్రి కిటికీ అద్దం గుద్దినావు," అంది ఫ్లోరా. నేనెందుకు గుద్దుతాను, నేనసలు తాగనేలేదు అని పోట్లాడాడు. బైబిలు మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. అప్పుడూ ఆ చేతికి కట్టు ఉండనే ఉంది. అట్లాంటి మనిషికి ఇప్పుడు మాత్రం అన్నీ గుర్తుంటున్నాయని నమ్మకమేమిటి? కలిపేటప్పుడు ఒక గుక్క పోసుకుని, మరిచిపోయి ఉంటే? నిన్న సాయంత్రం నేను తూలుతూ వచ్చానా, సరిగ్గా వచ్చానా అని అడగడానికి ఇంట్లో ఒక్క ప్రాణి లేదు. గోడ గడియారాన్ని అడిగాడు ఒకరోజు, నిజంగానే. "నువ్వు చూసినావా?" అని. అది టిక్కు టిక్కుమంది.

మూడో వారం మూత చుట్టూ తడి సున్నం పూశాడు. పొద్దున సున్నం పగలకుండా ఉంది, పదో సీసా ముప్పావే ఉంది. ఇంకొకరైతే హమ్మయ్య, నా తప్పు లేదనుకుందురు. బెన్హర్ మాత్రం, అయితే సున్నం పూయకముందే తాగానన్నమాట అనుకున్నాడు. తన మీద తనకు పుట్టిన అనుమానం అంత పాడుది. దానికి ఏది చూపించినా సాక్ష్యంగానే తీసుకుంటుంది.

ఆదివారం రానే వచ్చింది. ఫ్లోరా తొమ్మిదింటి బస్సుకు దిగింది. ఒట్టి చేతులతో రాలేదు. ఇనప్పెట్టె తెచ్చింది! చర్చి గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోట దాన్ని పెట్టి, ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుంది. బెన్హర్ వచ్చి ఆ పెట్టెను చూశాడు. మూడేళ్ళలో దానికి కొత్తగా నీలం రంగు వేయించింది. వేలితో ఆ రంగును ఒకసారి తడిమి లోపలికి పోయాడు.

రొట్టె పళ్ళెం వరస వెంబడి వచ్చింది. పాస్టరుగారు నవ్వు ముఖంతో అతని ముందు ఆగారు. బెన్హర్ చెయ్యి లేచింది, మళ్ళీ ఒడిలోకి దిగింది. అతను లేచి నిలబడ్డాడు.

"నేను తాగినాను," అన్నాడు.

పాస్టరుగారి పళ్ళెం ఇంకా అతని ముందే ఉంది.

"ఆసుపత్రి స్పిరిట్ నేనే తాగినాను అయ్యగారూ. మూడు వారాలూ తాగినాను. ఎప్పుడు తాగినానో గూడా తెలవడంలా. నాకు ఈ బల్ల వద్దు."

పాస్టరుగారు పళ్ళెంతో పక్క మనిషి దగ్గరికి జరిగారు. వెనక నుంచి ఎవరో, 'చూశారా' అన్నట్టు నాలుక చప్పరించారు. ఫ్లోరా మాత్రం తల తిప్పి అతని ముఖాన్నే చూస్తూ కూర్చుంది, చాలాసేపు, పిండి జల్లెడ పట్టే మనిషి చూసినట్టు. ఆరాధన అయ్యాక పెట్టె ఎత్తుకుంది. బెన్హర్ బస్సు స్టాపు దాకా వెనకే నడిచాడు. పెట్టె అందుకుందామని చెయ్యి చాచితే ఇవ్వలేదు. బస్సొచ్చింది, ఎక్కింది, పోయింది. ఆ సాయంత్రం అతను తినలేదు, రెండు కంచాలూ కడగలేదు.

తాళంచెవి మగ్దలీనమ్మ గారి నడుముకు చేరింది. ఆమె ఎట్లాంటి మనిషంటే, క్రిస్మస్ కేకులో కాస్త మందు వాసన తగిలినా ముక్క పక్కన పెట్టేస్తుంది. ఆదివారం సాయంత్రమే స్వయంగా కొలిచి కలిపింది. సోమవారం పొద్దున స్వయంగా నింపింది. తొమ్మిది నిండాయి. పదోది ముప్పావు.

ఆమె స్టూలు మీద కూలబడింది. మళ్ళీ కొలిచి ఇంకో క్యాను కలిపింది, ఆ రాత్రి గడిచేదాకా తాళంచెవి తలగడ కిందే పెట్టుకుంది. మంగళవారం కూడా ముప్పావే. ఇక్కడ మగ్దలీనమ్మ గారిని మెచ్చుకోవాలి. పావు లీటరు నీళ్ళు పోసి సీసా నింపేస్తే అడిగే నాథుడు లేడు. ఆమె ఆ పని చెయ్యలేదు. తెల్ల చీర కొంగుతో చెమట తుడుచుకుంటూ సీసా పట్టుకుని నేరుగా పాస్టరుగారింటికి పోయి, "అయ్యగారూ, నేను తాగలేదు," అంది. పేటకు పేటంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వులోనే జనానికి మెల్లగా సిగ్గు కూడా వేసింది.

సంగతి విప్పిన మనిషి సుశీల్ కుమార్. థర్మల్ ప్లాంటు ల్యాబులో కెమిస్టు, వేలు తెగి కట్టు మార్పించుకోను వచ్చాడు. మగ్దలీనమ్మ గారి గోడు విని, "ప్రతిసారీ అంతే తక్కువా? అదే పావు?" అని అడిగి నవ్వాడు. "బెన్హర్ని పిలిపించండి సిస్టర్."

బెన్హర్ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అన్నా, నువ్వు పోర్టులో ఏం పని చేసినావు?" అడిగాడు సుశీల్ కుమార్.

"కాంక్రీటు కలిపే పని సార్. ఇరవై ఏళ్ళు."

"పది తట్టల కంకర, ఐదు తట్టల ఇసుక కలిపితే పదిహేను తట్టలు అవుతుందా?"

"యాడవుతుంది సార్? ఇసుకంతా పోయి కంకర సందుల్లో కూర్చుంటుంది గదా. పదకొండు, మహా అయితే పన్నెండు..." అంటూ అంటూ ఆగిపోయాడు.

"ఇదీ అట్టాంటిదే. నీళ్ళూ స్పిరిటూ కలిస్తే ఒకదాంట్లో ఒకటి సర్దుకుంటాయి. రెండూ కలిసినాక ముందున్నంత చోటు పట్టదు. కలిపినప్పుడు క్యాను వెచ్చబడలా?"

"పడింది," అన్నాడు బెన్హర్. గుమ్మంలోనే గొంతుక్కూర్చుని రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా చేతులకు తెలిసిన సంగతి బుర్రకు ఒక్కసారి తట్టలేదే అని ఏడ్చాడు. మగ్దలీనమ్మ గారు పక్కన కూర్చుంది. "నన్ను క్షమించు నాయనా," అంది. ఆమె ఎవరినైనా ఆ మాట అడగడం పేటలో ఎవరూ వినలేదు.

ఆ మధ్యాహ్నమే బెన్హర్ చిల్లకూరు బస్సెక్కాడు. చేతి సంచిలో ఒక చిన్న సీసాలో స్పిరిట్, ఇంకో సీసాలో నీళ్ళు, మగ్దలీనమ్మ గారిచ్చిన గీతల గాజు గొట్టం. దారంతా ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఏం చెప్పాలో వరసగా అనుకున్నాడు. ముందు కొలత, తర్వాత కంకర, తర్వాత పెట్టె నేనే మోసుకొస్తానని.

రెబెక్కమ్మ అతన్ని చూసి ఏమనాలో తెలియక నీళ్ళిచ్చి లోపలికి పోయింది. ఫ్లోరా అరుగు మీద కుట్టుపని చేసుకుంటోంది. అతను ఎదురుగా గాజు గొట్టం నిలబెట్టి, యాభై గీత దాకా నీళ్ళు పోశాడు. దాని మీద ఇంకో యాభై స్పిరిట్ కొలిచి పోశాడు. అరచేత్తో మూసి ఊపి, కిందపెట్టాడు.

"చూడు ఫ్లోరా. వంద రావాల. తొంభై ఏడే ఉండాది. చూడు, నీ కళ్ళ ముందరే గదా. నేను తాగలేదు!"

ఫ్లోరా గొట్టం వైపు చూడలేదు. సూది గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

"ఇదంతా నాకెందుకు చూపిస్తుండావు? నువ్వు తాగలేదని నాకా రోజే తెలుసు."

"తెలుసా?"

"పదిహేనేళ్ళు తాగినావు. ఒక్కనాడన్నా తాగినానని ఒప్పుకున్నావా? బైబిలు మీద చెయ్యేసి గూడా లేదన్నావు. అంతమంది ముందర లేచి తాగినాననేసరికి, వీడు చుక్క ముట్టలేదని అక్కడే అనుకున్నా."

బెన్హర్ గాజు గొట్టాన్ని పక్కకు జరిపాడు. "మరి పెట్టె ఎత్తుకుని పోయినావెందుకే?"

ఫ్లోరా గొంతు పెంచలేదు. ఆమె ఎప్పుడూ పెంచదు. "తాగిన రోజుల్లో తాగలేదన్నావు. తాగని రోజున తాగినానన్నావు. నీ నోట్లో ఏముండాదో నీకే తెలవకపోతే, నేనొచ్చి ఏం చెయ్యాల? పొద్దున్నే లేచి నీ నోరు వాసన చూసి, ఈరోజు నువ్వు తాగలేదు నాయనా అని నీకు చెప్పాలా? ఆ పని పదిహేనేళ్ళు చేసినా. ఇంక నా వల్ల కాదు."

అతనికి ఆ మాట సూటిగా తగిలింది. ఎందుకంటే అతను ఆమె కోసం ఎదురుచూసింది అందుకే. ముద్ద వండిపెట్టడానికి కాదు, పక్కన ఉండడానికి కూడా కాదేమో, తన నోటి దగ్గర ముక్కు పెట్టి లేదని చెప్పడానికి. మూడేళ్ళుగా ఆ సంగతి అతను తనకు తాను కూడా చెప్పుకోలేదు.

"ఎప్పటికీ రావా?" అన్నాడు.

"ఏమో. పెట్టె మంచం కింద ఉండాది. విప్పలా, సర్దలా," అంది ఫ్లోరా. మళ్ళీ సూది తీసుకుంది. "అన్నం తిని పో."

తిన్నాడు. ఆమె వడ్డించింది, ఎదురుగా కూర్చోలేదు. గొట్టంలోది పెరట్లో పారబోసి కడిగి, సంచిలో పెట్టుకుని వచ్చేశాడు. కిటికీ పక్క సీటు దొరికింది. దారిలో రొయ్యల చెరువులన్నీ ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి, పక్క సీటు ఖాళీగానే ఉంది.

వచ్చే నెల బల్లలో చేర్చుకుంటామని పాస్టరుగారు చెప్పారు, పదిమందిలో ప్రకటిస్తానన్నారు కూడా. "ప్రకటన వద్దు అయ్యగారూ," అన్నాడు బెన్హర్. తాళంచెవి మళ్ళీ అతని మొలతాడుకే వచ్చింది.

సోమవారం కలిపాడు. మంగళవారం పొద్దున మగ్దలీనమ్మ గారు ఇంకా రాకముందే ఒక్కడే కూర్చుని సీసాలు నింపాడు. తొమ్మిది నిండాయి. పదోది ముప్పావు దగ్గర ఆగింది. అలవాటు కొద్దీ అరచెయ్యి నోటి దగ్గరికి లేచింది. ఊదబోయి ఆగాడు. కాసేపు ఆ చేతిని అట్లాగే గాల్లో చూసుకుని, దించి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"తాగలా," అన్నాడు పైకి.

గదిలో ఎవరూ లేరు. అతను పదో సీసాకు మూత బిగించి, మిగతా తొమ్మిదింటి పక్కన పెట్టాడు.